ఒక్కసారికి ఏమవుతుంది సార్?

జనవరి 21, మంగళవారం

ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన ఈ డైరీ ఇప్పటిదాకా ఖాళీగానే ఉంది. ఈ రోజు పని పడింది. ఎవరితోనూ అనలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటాను.

ఇంటర్వెల్లో హెడ్మాస్టరు నాగూర్ వలి గారు పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించారంటే ఏదో అంటగడుతున్నారని అర్థం. ఈ హైస్కూల్లో పద్నాలుగేళ్లుగా డ్రిల్లు మాస్టారుగా ఉన్నవాణ్ణి, ఆ మాత్రం తెలుసు.

"యలమందయ్య మాస్టారూ, ఇకనించి శుక్రవారం ఆఖరి పీరియడ్, తొమ్మిదీ పదీ మగపిల్లలు మీకు. ఆడపిల్లలకి సైన్సు మేడం చెబుతారు."

"ఏం చెప్పాలండీ?"

"అదేనండీ. వయసులో వచ్చే మార్పులు. చెడు సావాసాలు, జబ్బులు, జాగ్రత్తలు. రేపే ఒంగోల్లో ట్రైనింగు."

"నాకు ఈల ఊదడం తప్ప ఏం వచ్చండీ?"

"పిల్లలు మీ మాట వింటారు మాస్టారూ. నా మాట మా ఇంట్లోనే వినరు."

ఇంటికొచ్చి నాగజ్యోతికి చెప్పాను. "మీరా?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మా ఆవిడ నవ్వు ఆపుకోవాలంటే వంటింట్లోకి వెళుతుంది. ఆపుకోలేదు. ఇక్కడిదాకా వినపడింది.

జనవరి 22

ట్రైనింగు అయింది. భోజనం బాగుంది. మిగతాది రాయడానికి చెయ్యి రావడం లేదు.

జనవరి 24, శుక్రవారం

మొదటి క్లాసు. అరవై రెండు మంది పిల్లలు. అందరూ ముందే నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారు.

నలభై నిమిషాలు మాట్లాడాను. రోజూ స్నానం చేయాలన్నాను. గోళ్లు తీసుకోవాలన్నాను. బోరు నీళ్లు కాచి తాగాలన్నాను. గంట కొట్టబోతుండగా తొమ్మిదో తరగతి ఏసుబాబు లేచాడు.

"సార్, ఇవి మూడో క్లాసులో చెప్పారండీ."

"అయితే పాటిస్తున్నావా?"

"గోళ్లు తీస్తున్నానండీ. అసలు సంగతి ఎప్పుడు చెబుతారండీ?"

అరవై రెండు మందీ ఘొల్లుమన్నారు. గంట నన్ను కాపాడింది.

జనవరి 27

ట్రైనింగులో ఒక ఉపాయం చెప్పారు. ప్రశ్నలు నోటితో అడగలేరు కాబట్టి పేరు రాయకుండా చీటీలు రాసి పెట్టెలో వేయమనాలట. కబడ్డీ బూట్లు వచ్చిన అట్టపెట్టెకు చిల్లు పెట్టి వరండాలో ఉంచాను. సాయంత్రానికి రెండు చీటీలు పడ్డాయి. ఒకదాంట్లో "సార్ మీరు మంచివారు" అని, రెండోదాంట్లో "పెట్టెలో బూట్లు ఎప్పుడిస్తారు" అని ఉంది.

జనవరి 31

ఇవాళ ముప్ఫై ఒక్క చీటీలు వచ్చాయి. క్లాసులో చదవకుండా ఇంటికి తెచ్చుకున్నాను. నేనూ నాగజ్యోతీ కళ్లం నుంచి తెచ్చిన మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఒక్కొక్కటీ చదివాం.

"నా గొంతు దున్నపోతు అరిచినట్టు అయిపోయింది. చర్చిలో క్వయరు నుంచి తీసేశారు. మళ్లీ వస్తుందా?"

"నాకు ఇంకా మీసాలు రాలేదు. మా తమ్ముడికి వచ్చాయి. ఇది న్యాయమా?"

"అమ్మాయితో ఒకే సైకిల్ మీద వెళితే కడుపు వస్తుందా?"

నాగజ్యోతి మిరపకాయ చేత్తో కళ్లు తుడుచుకుంది, నవ్వి నవ్వి. తరవాత మంట పుట్టి ఏడ్చింది. నేను నీళ్లు తెచ్చి కడిగాను. పెళ్లయి ఇరవై ఏళ్లయింది, మేమిద్దరం ఇలాంటి మాటలు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు పిల్లల పుణ్యమా అని మాట్లాడుకుంటున్నాం.

ఒక చీటీలో "ఎయిడ్స్ దోమ కుడితే వస్తుందా" అని ఉంది. దాన్ని అడుగున పెట్టాను.

మా అన్నయ్య జ్వరంతో పోయాడు. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

చెప్పాను!

గొంతు మారడం గురించి, మీసాల గురించి, సైకిల్ గురించి. బిడ్డ ఎలా పుడుతుందో సైన్సు పుస్తకంలో ఉన్నట్టే బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. ఆ పాఠం వచ్చినప్పుడు "ఇంట్లో చదువుకోండి" అని పేజీ తిప్పేయడం మా చిన్నప్పటి నుంచీ ఆనవాయితీ. ఈసారి తిప్పలేదు. కండోమ్ అనే మాట పలికేసరికి ఫ్యాను చప్పుడు కూడా గట్టిగా వినపడింది. ఆ నిశ్శబ్దంలో ముందు నాకే నవ్వొచ్చింది. నేను నవ్వేసరికి వాళ్లూ నవ్వారు. ఇక ఆ తరవాత భయం పోయింది.

"ఇవన్నీ తెలుసుకోవడం తొందరపడడానికి కాదురా. తొందరపడకుండా ఉండడానికి. మీకింకా వయసు రాలేదు, ముందు చదువుంది, ఆటలున్నాయి. ఎవరైనా బలవంతం చేస్తే కాదనాలి. ఎదుటి మనిషి కాదంటే మీరు ఆగాలి. రెండూ నేర్చుకోవాలి" అన్నాను.

దోమ ప్రశ్నకు రాదని చెప్పి ఊరుకున్నాను. ఎలా వస్తుందో కూడా చెప్పాలి. వచ్చే వారం చెబుతాను.

కిటికీ అవతల ఎవరో తండ్రి నిలబడి ఉన్నాడు. గొడవకొచ్చాడనుకున్నాను. క్లాసయ్యాక దగ్గరకొచ్చి, "మాస్టారూ, మా అబ్బాయికి ఏదో నేర్పుతున్నారంటే తిడదామని వచ్చా. సగంలో వచ్చా. మొదటి సగం ఏం చెప్పారు?" అన్నాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పెట్టెలో పందొమ్మిది చీటీలు. పద్నాలుగోది ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"సార్, నేను ఆదివారం ఒక లారీ కడగడానికి వెళతాను. ఆ లారీ అన్న ఎండాకాలం సెలవుల్లో తనతో రమ్మంటున్నాడు. దారిలో ఒక చోటికి తీసుకెళ్లి నన్ను మగాణ్ణి చేస్తాడంట. రానంటే అందరి ముందూ ఆడంగి అంటున్నాడు. నాకు భయంగా ఉంది. లారీవాళ్లకెవరికీ ఏమీ కాలేదు కదా. ఒక్కసారికి ఏమవుతుంది సార్?"

చేతిరాత గుర్తుపట్టాను. మా కబడ్డీ జట్టులో కూతకు వెళ్లే బాలు. తొమ్మిదో తరగతి. వాడి ఫారాలన్నీ నా దగ్గరే ఉంటాయి.

ఆ చీటీ క్లాసులో చదవలేదు. మిగతావి కూడా సరిగా చదవలేకపోయాను. పిల్లలు, "సార్, ఒంట్లో బాలేదాండీ" అని అడిగారు.

ఫిబ్రవరి 15

అన్నయ్య జ్వరంతో పోయాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

నిన్న రాసింది అబద్ధం. పోయిన నెలాఖర్న రాసిందీ అబద్ధమే. నా డైరీలో నేనే అబద్ధం రాసుకుంటే ఇక ఎవరికి నిజం చెబుతాను?

అన్నయ్య చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్లు తోలే లారీ మీద డ్రైవరు. 2003లో పోయాడు. ఎయిడ్స్‌తో పోయాడు. అప్పటికి ఉచిత మందులు రాలేదు. ఇంటర్‌లో ఉండగా నేనే ఒకసారి అడిగాను, లారీవాళ్లు అక్కడా ఇక్కడా ఆగుతారంట గదా, భయం లేదా అని. నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. "ఒక్కసారికి ఏమవుతుందిరా?" అన్నాడు. అచ్చంగా ఇదే మాట.

వదిన వెంకటరావమ్మకు కూడా అంటుకుంది. వదిన బతికే ఉంది. గుంటూరు దగ్గర నల్లపాడులో ఉంటుంది. అన్నయ్య పోయాక తనే వెళ్లిపోయింది. ఊరు నచ్చలేదు ఆమెకు.

ఫిబ్రవరి 17, సోమవారం

పొద్దున ప్రార్థన కాకముందే బాలును గ్రౌండు చివరికి పిలిచాను.

"చీటీ నాదని ఎట్టా తెలిసింది సార్?"

"నీ రాత చూసి. ఎవరికీ చూపించలేదు. ముందు ఒక మాట విను. నువ్వేం తప్పు చేయలేదు. తప్పు అతనిది. పదిహేనేళ్ల పిల్లాణ్ణి అట్టాంటి చోటికి రమ్మనడం నేరం. భయమేస్తుందని రాశావు చూడు, అదే తెలివి. మీ నాన్నకు చెబుదామా?"

"కొడతాడు సార్."

"నేను పక్కనే కూర్చుంటా."

సాయంత్రం బాలు ఇంటికి నాతో నాగూర్ వలి గారు కూడా వచ్చారు. బాలు నాన్న క్వారీ నుంచి అప్పుడే వచ్చాడు, తలంతా రాతి దుమ్ము. విన్నంతసేపూ నేలవైపే చూశాడు. బాలు నా చొక్కా అంచు పట్టుకుని ఉన్నాడు. చివరికి ఆయన అన్నది ఒకటే. "నాతో చెప్పొచ్చుగదరా అయ్యా." అని కొడుకు తల నిమిరాడు. వాడి జుట్టంతా తెల్లగా అయింది.

బాలును ఇంట్లోనే ఉంచి, పెద్దవాళ్లం ముగ్గురం ఆ లారీ డ్రైవరు దగ్గరకు వెళ్లాం. టీ కొట్టు దగ్గరున్నాడు.

"సరదాకి అన్నా మాస్టారూ. కుర్రాడు గదా అని."

"సరదాకి పోలీసులు కూడా వస్తారు. పిల్లల హెల్ప్‌లైను 1098కి ఒక్క ఫోను చాలు. ఇంకోసారి ఈ పిల్లాడితో గానీ, ఏ పిల్లాడితో గానీ ఆ మాటన్నావని తెలిస్తే ఫోను చేసేది నేనే" అన్నారు నాగూర్ వలి గారు. ఇంట్లో ఎవరూ వినరట గానీ ఆ మాట టీ కొట్టంతా వింది. డ్రైవరు గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

తిరిగొస్తూ హెడ్మాస్టరు గారు, "మాస్టారూ, కాళ్లు వణికాయండీ" అన్నారు. నావీ వణికాయని చెప్పాను. ఇద్దరం దారంతా నవ్వుకున్నాం.

ఫిబ్రవరి 21, శుక్రవారం

కాదనడం ఎలాగో ఇవాళ ఆడించి చూపించాను. ఇద్దరిద్దరు నిలబడాలి. ఒకడు బలవంతపెట్టాలి, రెండోవాడు తప్పించుకోవాలి. ఏసుబాబు తువ్వాలు తలకు చుట్టుకుని పెద్ద రౌడీలా వచ్చి, "రారా, ఒక్కసారి! నీకు ధైర్యం లేదా?" అని మెలికలు తిరిగిపోయాడు. క్లాసు క్లాసంతా బల్లలు చరిచారు.

వాడికి ఎదురుగా తనంతట తనే లేచి నిలబడ్డాడు బాలు.

"ధైర్యం ఉంది గాబట్టే రానంటున్నా" అన్నాడు. "నాకిష్టం లేదు. ఇంకోసారి అడిగితే మా నాన్నతో చెబుతా."

ఏసుబాబు తువ్వాలు విప్పేసి, "సార్, వీడు నిజంగా అన్నట్టే ఉందండీ" అన్నాడు.

అప్పుడు చెప్పాను. ముందే అనుకున్నది కాదు, నోటికొచ్చేసింది. "ఒక్కసారికి ఏమవుతుంది అని మా అన్నయ్య కూడా అన్నాడ్రా. ముప్ఫై ఒక్క ఏళ్లకే ఎయిడ్స్‌తో పోయాడు. మేము జ్వరమని చెప్పుకున్నాం." హెచ్ఐవి ఎలా వస్తుందో, ఎలా రాదో, రక్షణ ఏమిటో, ఇప్పుడు ఏం మందులున్నాయో అంతా చెప్పాను. ఒక్కడూ నవ్వలేదు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది. అన్నయ్య సంగతి చెప్పానంటే వదిన సంగతి చెప్పినట్టే. ఆమెను అడగలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున్నే బస్సెక్కి గుంటూరు, అక్కణ్ణించి ఆటోలో నల్లపాడు. వదిన మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి పోతుంది. ఆదివారం ఇంట్లోనే ఉంది. చీరలన్నీ మిరప ఘాటు. గడప దాటగానే వరసగా తుమ్మాను.

"ఊళ్లో ఇన్ని మిరపచేలున్నా నీకింకా తుమ్ములు పోలేదా యలమందా?" అంది. యాభై ఏళ్లు వచ్చాయి, మనిషి గట్టిగా ఉంది, నాకంటే గట్టిగా ఉంది.

కూర్చోకుండానే చెప్పేశాను. "పిల్లల ముందు అన్నయ్య సంగతి చెప్పానొదినా. నీ పేరెత్తలేదు. అయినా ఊళ్లో తెలుస్తుంది. నిన్ను అడక్కుండా చెప్పా. తప్పయింది."

ఆమె టీ గిన్నె దించి అప్పుడు నావైపు తిరిగింది.

"అడక్కుండా చెప్పడం తప్పే. ఇంకోసారి చేయమాక. అడిగుంటే మాత్రం, చెప్పమనే అనేదాన్ని."

"నీకు ఇబ్బంది కదా?"

"ఏం ఇబ్బందయ్యా? మా కోల్డ్ స్టోరేజీలో అందరికీ తెలుసు. చెప్పి ఎనిమిదేళ్లయింది. రోజూ మాత్ర వేసుకుంటున్నా. మొన్న రక్తపరీక్షలో వైరసు కనపడనంతగా అణిగిపోయిందన్నారు. నెలకో రోజు గుంటూరు ఆసుపత్రికి పోయి, కొత్తగా తెలిసి ఏడుస్తున్న ఆడోళ్ల పక్కన కూర్చుని మాట్లాడొస్తా. ఇరవై రెండేళ్లు దాచింది నువ్వు. నేను గాదు."

నేను అడిగాను. నిజంగానే తెలియనట్టు అడిగాను. "మరి ఊరికెందుకు రావు వదినా?"

"నువ్వు పిలవలేదుగదా."

ఆ మాట అన్నప్పుడు ఆమెకు కోపం లేదు. అదే తట్టుకోలేకపోయాను.

ఇంటికొచ్చి, పోయిన ఆదివారం ఈ డైరీలో ఏం రాశానో చూసుకున్నాను. తనే వెళ్లిపోయిందట. ఊరు నచ్చలేదట. అన్నయ్య దినాలయిన మర్నాడు అమ్మ వదిన కంచం, గ్లాసు పెరట్లో పెట్టింది. సంచి సర్దింది నేను. బస్సెక్కించింది నేను. ఆమె కిటికీలోంచి, "మళ్లీ ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగితే చెబుతానన్నాను. అమ్మ పోయి కూడా తొమ్మిదేళ్లయింది. ఇక అమ్మ మీద పెట్టడానికి లేదు.

ఇదంతా అక్కడ ఆమె ముందే ఒప్పుకున్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, నలభై ఆరేళ్ల మగాణ్ణి.

"ఏడవమాక. టీ చల్లారిపోద్ది. శుక్రవారం ఎన్నింటికి నీ క్లాసు?" అంది.

ఫిబ్రవరి 24

నాగజ్యోతికి అంతా చెప్పాను. మా పెళ్లి నాటికే వదిన ఊళ్లో లేదు. అమ్మ పోయినప్పుడు వచ్చి అరుగు మీదే కూర్చుని వెళ్లిపోయింది. "ఆ రోజు లోపలికి రమ్మనాలని నాకు నోటిదాకా వచ్చిందండీ. మీ మొహం చూసి ఊరుకున్నా" అంది నాగజ్యోతి. తరవాత ఇల్లంతా కడగడం మొదలుపెట్టింది. శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయని చెప్పినా వినలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఎంత రాసినా సరిపోదు.

వదిన బస్సు దిగగానే నాగజ్యోతి ఆమె చేతిలో సంచి లాక్కుని, "రా అక్కా, ఇంట్లో కాళ్లు కడుక్కుని అన్నం తిందాం" అంది. ఇద్దరూ నన్ను రోడ్డు మీద వదిలేసి నడుచుకుంటూ పోయారు. అన్నాలప్పుడు గోంగూర పచ్చడిలో ఉప్పు ఎక్కువైందని వదిన అంటే, కారం తక్కువైందని నాగజ్యోతి. తెగలేదు.

క్లాసుకు ఆడపిల్లలు కూడా వచ్చేశారు. "మమ్మల్నెందుకు పిలవలేదు సార్?" అని హెడ్మాస్టరు గారిని నిలదీశారట. అందరినీ పెద్ద గదిలో కూర్చోబెట్టాం.

వదిన ఉపన్యాసం చెప్పలేదు. కుర్చీ వద్దని బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పినట్టు చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్లకు తనకు రక్తపరీక్ష చేసినప్పుడు ఏమనిపించిందో, మందులు రాకముందు ఎంత నీరసించిందో, వచ్చాక ఎలా లేచి నిలబడిందో చెప్పింది.

ఏసుబాబు లేచాడు. "మీ పక్కన కూర్చుంటే వస్తుందాండీ?"

"వచ్చి కూర్చో నాయనా. నువ్వే చూసి అందరికీ చెబుదువుగాని."

వాడు వెళ్లి పక్కన కూర్చున్నాడు. చివరిదాకా అక్కడే ఉన్నాడు. ఆమె వాడి భుజం మీద చెయ్యి కూడా వేసింది.

ఒక అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "మీ ఆయన మీద కోపం లేదాండీ?"

వదిన ఆ అమ్మాయి వైపు తిరిగి కూర్చుంది.

"ఉందమ్మా. రోజూ మాత్ర వేసుకునేటప్పుడు ఒక నిమిషం తిట్టుకుంటా. మంచి మనిషే. తెలిసి చేసింది గాదు. ఆయనకి ఆ వయసులో చెప్పేవాడు ఎవరూ లేరు. అడిగితే తంతారేమోనని అడగలేదు. మీకు అడగడానికి పెట్టె ఉంది, చెప్పడానికి ఈ ఈల మాస్టారు ఉన్నాడు. అదృష్టవంతులు."

ఈల మాస్టారు అన్నందుకు పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను బోర్డు తుడిచాను. బోర్డు మీద ఏమీ లేదు.

మార్చి 1

వదిన ఈ రోజే వెళ్లాలి. రేపు ఒంగోల్లో కబడ్డీ పోటీలని తెలిసి ఉండిపోయింది.

మార్చి 2, ఆదివారం

ఓడిపోయాం. రెండు పాయింట్ల తేడాతో. అయినా ఇంత బాగా ఓడిపోవడం ఎప్పుడూ లేదు. బాలు ఒక్కడే కూతకు వెళ్లి ముగ్గురిని ఔట్ చేసి వచ్చాడు. వాళ్ల నాన్న క్వారీకి సెలవు పెట్టి వచ్చాడు. వదిన గట్టు మీద నిలబడి "తొడకొట్టరా బాలూ!" అని అరిచిన అరుపుకు అవతలి జట్టువాళ్లు కూడా తిరిగి చూశారు. రిఫరీ రెండుసార్లు ఆమెను కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

సాయంత్రం అయిదు గంటల బస్సులో తిరుగు ప్రయాణం. వెనక సీట్లన్నీ మావే. వదినను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. నేను ముందు సీట్లో కూర్చుని నిద్రపోయినట్టు కళ్లు మూసుకున్నాను. నేను మెలకువగా ఉంటే వాళ్లు అడగరని.

చీటీలు లేవు, పెట్టె లేదు. ఒకరి తరవాత ఒకరు నోటితోనే అడుగుతున్నారు. ఫోన్లో చెడ్డ వీడియోలు పంపే ఫ్రెండుకి ఏం చెప్పాలని ఒకడు. "నాకు పంపమాక అని చెప్పు, పోయేదేముంది?" అంది వదిన. బాలు గొంతు వినపడింది.

"అమ్మా, ఒక అమ్మాయి అంటే ఇష్టమైతే ఏం చెయ్యాలి?"

బస్సంతా ఓ అని అరిచింది. ఓరకంట చూశాను, వాళ్ల నాన్న నా పక్కనే కూర్చుని మీసాల్లో నవ్వుకుంటున్నాడు.

"ముందు చదువుకో. ఆ అమ్మాయితో మంచిగా మాట్లాడు. ఆమె ఏమంటుందో విను. వద్దంటే నవ్వి ఊరుకో. నీ మంచితనం ఎక్కడికీ పోదు" అంది వదిన.

"అంతేనా?"

"అంతే. ఆ అంతే తెలియకే అందరూ చెడిపోయేది."

నాకు ముందు నిలబడి ఉన్న కండక్టరు ఎంతోసేపటి నుంచి టికెట్లు కొట్టడం మానేశాడని అప్పుడు గమనించాను. ముప్ఫై ఏళ్లుంటాయి. టికెట్ల మిషను భుజానికి వేలాడేసుకుని వెనక్కి నడిచాడు. సీటు కమ్మీ పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నాదొకటుంది. అడగొచ్చాండీ?"

"రా నాయనా, కూర్చో" అంది వదిన. పిల్లలు జరిగి అతనికి చోటిచ్చారు.